భరణం ఆర్డర్ చేతిలో ఉంది, డబ్బు మాత్రం రావడం లేదు. అమలు చేయించుకోవడం ఎలా?

గోరింటాకు · 9 ఫిబ్రవరి 2025

అందరికీ నమస్కారమండి. మాది ఏలూరు వైపు. 2022 జూన్‌లో మనోవర్తి కేసు వేశాను. 2024 మార్చి 18న ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. నాకు నెలకు 8,000, పాపకు 5,000. కేసు వేసిన తేదీ నుంచి లెక్కగట్టి ఇవ్వాలని, ఇకమీదట ప్రతి నెలా పదో తేదీలోపు నా ఖాతాలో వేయాలని రాశారు.

ఆయన హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. మార్చి నుంచి జూలై దాకా నెలనెలా వేశారు. ఆగస్టు నుంచి ఒక్క రూపాయి లేదు. పాత బకాయి ఊసే ఎత్తరు. అడిగితే "కోర్టుకే వెళ్లి తెచ్చుకో" అంటున్నారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే వారంటు ఉంటేనే రమ్మన్నారు. కేసు చూసిన లాయరు గారేమో "అది అయిపోయింది, ఇప్పుడు మళ్లీ కొత్తగా వేయాలి, ఫీజు వేరే" అన్నారు.

కోర్టు ఆర్డర్ ఇచ్చాక డబ్బు ఇప్పించే బాధ్యత కోర్టుది కాదా అండి? పాప మూడో తరగతి. స్కూలు వాళ్లు ఫీజు కోసం రోజూ డైరీలో రాసి పంపుతున్నారు.

రాజీ_మేలు · 9 ఫిబ్రవరి 2025

అమ్మా, కోర్టుల చుట్టూ తిరిగితే ఆయనకు పంతం పెరుగుతుంది. ఇరువైపులా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఎంతో కొంత మాట్లాడుకోండి. వారంటు అంటే ఉద్యోగం పోతుంది, అప్పుడు మీకూ ఏమీ రాదు.

నల్లకోటు · 9 ఫిబ్రవరి 2025

గోరింటాకు గారూ, పెద్దమనుషుల సంగతి తర్వాత. ముందు క్యాలెండర్ చూడండి. మీకు మార్చి 18 దాకానే టైముంది.

ఆర్డర్ ఇచ్చాక కోర్టు తనంతట తాను వసూలు చేయదు. ఇవ్వడం లేదని మీరు అర్జీ పెట్టుకుంటేనే కదులుతుంది. ఆ అర్జీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.) 125(3) కింద వేసేవాళ్లం. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కాబట్టి ఇప్పుడది సెక్షన్ 144(3). మీ ఆర్డర్ పాత చట్టం కింద వచ్చింది కనుక నేనైతే పిటిషన్ మీద రెండు సెక్షన్లూ రాస్తాను, అభ్యంతరానికి తావుండదు.

ఆ సెక్షన్‌లోనే ఒక షరతు ఉంది. డబ్బు చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాది లోపల అర్జీ పెట్టకపోతే ఆ మొత్తానికి వారంటు ఇవ్వరు. మీ పాత బకాయి, అంటే 2022 జూన్ నుంచి 2024 ఫిబ్రవరి దాకా 21 నెలలది, ఆర్డర్ వచ్చిన రోజునే చెల్లించాల్సి వచ్చినట్టు లెక్క. నెలకు 13,000 చొప్పున 2,73,000. దాని ఏడాది 2025 మార్చి 18తో ముగుస్తుంది. ఆగస్టు నుంచి ఈ ఫిబ్రవరి దాకా 7 నెలలది 91,000. దానికి ఇంకా సమయం ఉంది. మొత్తం 3,64,000. అన్నిటికీ కలిపి ఒకే అర్జీ వేయండి. ఈ నెలలోనే.

రాజీ మాటలు చాలా ఇళ్లలో ఏడాది దాటేదాకా సాగుతాయి. దాటాక అవతలివాళ్లు "గడువు పోయింది" అని కౌంటరు, అంటే కోర్టులో రాతపూర్వక జవాబు, వేస్తారు. అందుకే అర్జీ నంబరు పడ్డాక మాట్లాడుకోమంటాను.

గోరింటాకు · 9 ఫిబ్రవరి 2025

ఇది నాకు ఎవరూ చెప్పలేదండి. మార్చి 18 అంటే ఎంతో దూరం లేదు. లాయరు ఫీజుకి ఇప్పుడు నా దగ్గర డబ్బు లేదు.

పాత_సూపరింటెండెంట్ · 10 ఫిబ్రవరి 2025

నేను జిల్లా కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. చెల్లెమ్మా, డబ్బు లేదని ఆగవద్దు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆదాయం ఎంతన్నది అడగకూడదు. ఆధార్ జిరాక్స్, ఆర్డర్ కాపీ పట్టుకెళ్లి ఒక దరఖాస్తు రాసిస్తే ప్యానెల్ లాయరును ఇస్తారు. గడువు దగ్గర పడిందని దరఖాస్తులో మొదటి వాక్యంగా రాయండి. వెళ్లేముందు ఏదైనా అడగాలంటే 15100కి ఫోన్ చేయొచ్చు.

ఇంకో మాట. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ మీ దగ్గర ఉందా, జిరాక్సేనా? మనోవర్తి ఆర్డర్ ఎవరికి అనుకూలంగా వచ్చిందో వాళ్లకు కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. పాత సి.ఆర్.పి.సి. సెక్షన్ 128, ఇప్పటి సురక్షా సంహిత 147. కాపీయింగ్ సెక్షన్‌లో స్టాంపులు అడిగితే ఆ సెక్షన్ చెప్పండి.

పిటిషన్‌తో పాటు నెలవారీ పట్టిక తప్పకుండా పెట్టండి. ఏ నెల, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ. ఆయన ఐదు నెలలు ఇచ్చారు కదా, అవి కూడా చూపించండి. బ్యాంకు స్టేట్‌మెంటు మీద బ్యాంకు ముద్ర వేయించండి. పట్టిక లేదని ఫైలింగ్‌లో కాగితాలు రిటర్న్ వేయడం నేను చాలా చూశాను. మీకిప్పుడు అలాంటి ఆలస్యం జరగకూడదు.

ఓరుగల్లు_ఆడబిడ్డ · 10 ఫిబ్రవరి 2025

అక్కా, నేను గూడ గిట్లనే తిప్పలవడ్డ. నాకు అర్థమైందేందంటే వారంటు వచ్చుడు ఒక ఎత్తు, అది అవతలాయనకు అందుడు ఇంకో ఎత్తు. మా ఆయన కిరాయిల్లు మార్చిండు. పోలీసోళ్లు పాత అడ్రసుకు పోయి "మనిషి లేడు" అని రాసి వాపస్ పంపిన్రు. తర్వాత మా లాయరమ్మ అర్జీలనే ఇంటి అడ్రసు, కంపెనీ అడ్రసు, ఫోన్ నంబరు, ఫోటో అన్నీ పెట్టింది. వారంటు ఏ స్టేషనుకు పోయిందో, ఏ నంబరు మీద పోయిందో కోర్టుల అడిగి రాసుకొని, నేనే స్టేషన్ల పోయి కలిసిన. గప్పుడు కదిలింది.

మీ ఆయన హైదరాబాద్‌ల ఉన్నడు గదా. ఏలూరు నుంచి వారంటు వచ్చుడు లేటయితది. హైదరాబాద్ కోర్టులనే అమలుకు వేసుకోవచ్చా సారూ?

నల్లకోటు · 10 ఫిబ్రవరి 2025

వేసుకోవచ్చమ్మా. సెక్షన్ 147 చెప్పేది అదే. డబ్బు ఇవ్వాల్సిన మనిషి ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు ఆ ఆర్డర్‌ను అమలు చేయవచ్చు. ఆర్డర్‌లో ఉన్న ఇద్దరూ వీళ్లే అని, డబ్బు చెల్లించలేదని నమ్మకం కలిగితే చాలు. ఫ్యామిలీ కోర్టులున్న చోట ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు ఉంటుంది, 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7(2) ప్రకారం.

కానీ గోరింటాకు గారి విషయంలో ఇప్పుడే హైదరాబాద్‌కి మారమని చెప్పను. గడువు తరుముతోంది. ఆర్డర్ ఇచ్చిన కోర్టులో రికార్డు అంతా ఉంది. ముందు అక్కడ వేయండి. ప్రతి వాయిదాకీ పాపను వదిలి హైదరాబాద్ వెళ్లిరావడం కూడా ఆలోచించాలి కదా.

ఇక వారంటు ఎలా పనిచేస్తుందో చెబుతాను, చాలామంది దీన్ని పొరబడతారు. మొదటి అడుగు అరెస్టు కాదు. జరిమానా వసూలు చేసే పద్ధతిలో బకాయి వసూలుకు వారంటు. మన కోర్టుల్లో డిస్ట్రెస్ వారంటు అంటాం. చరాస్తి జప్తు చేయొచ్చు, కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించొచ్చు. అలా వసూలు చేశాక కూడా మిగిలిపోయిన ప్రతి నెల భరణానికి నెల దాకా, లేదా అంతకు ముందే కట్టేస్తే కట్టేదాకా జైలు. సెక్షన్‌లో వరుస అలా ఉంది. నేరుగా అరెస్టు వారంటు అడిగి, అది వచ్చాక అవతలివాళ్లు హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకుంటే మీకే నష్టం. పిటిషన్ ప్రార్థనలోనే రెండూ వరుసగా అడగండి.

రాజీ_మేలు · 11 ఫిబ్రవరి 2025

నెల రోజులు జైల్లో కూర్చుని వస్తే బాకీ తీరిపోయినట్టే కదా? మా ఎరికలో ఒకతను అలాగే చేశాడు, "జైలుకి పోయొచ్చా, ఇక ఇవ్వను" అన్నాడు. అందుకే రాజీ అన్నాను, చెడ్డ ఉద్దేశంతో కాదు.

నల్లకోటు · 11 ఫిబ్రవరి 2025

తీరదండి. సుప్రీంకోర్టు 1989లోనే కుల్దీప్ కౌర్ కేసులో స్పష్టంగా చెప్పింది. జైలు అనేది డబ్బు కట్టించడానికి వాడే పద్ధతి, జైల్లో ఉన్నంత మాత్రాన బాకీ చెల్లినట్టు కాదు. డబ్బు కడితేనే బాకీ పోతుంది. 1999లో షహదా ఖాతూన్ కేసులో, ఒక నెలకు మించి శిక్ష వేయలేరని, అయినా ఇవ్వకపోతే మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చని చెప్పింది. మీకు తెలిసినతను బయటికి వచ్చాక ఆమె మళ్లీ కోర్టుకు వెళ్లి ఉంటే ఆ మాట అనగలిగేవాడు కాదు.

ఇంకొకటి. అర్జీ పెండింగ్‌లో ఉండగా కొత్త నెలలు బాకీ పడుతూనే ఉంటాయి. వాటికి నెలనెలా వేరే అర్జీలు అక్కర్లేదు. శాంత కేసులో 2005లో సుప్రీంకోర్టు, మొదటి అర్జీ గడువులో వేస్తే తర్వాతి బకాయి అందులోనే అడగవచ్చని చెప్పింది. అందుకే ఆ మొదటి అర్జీ తేదీ మీద ఇంత పట్టుబడుతున్నాను.

నెలవంక · 12 ఫిబ్రవరి 2025

సార్, నాకు తలాక్ అయింది. 125 కింద ఆర్డర్ ఉంది కానీ మాజీ భర్త "ముస్లిం స్త్రీకి ఇది వర్తించదు, విడాకులైన ముస్లిం స్త్రీల కోసం చేసిన 1986 చట్టమే" అంటున్నారు. అమలుకు వేస్తే కొట్టేస్తారా?

నల్లకోటు · 12 ఫిబ్రవరి 2025

ఆ వాదన ఇక నిలవదమ్మా. 2024 జూలై 10న మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా 125 కింద భరణం అడగవచ్చని. మన తెలంగాణ ఫ్యామిలీ కోర్టు నుంచే మొదలైన కేసు అది. మీ ఆర్డర్‌ను హైకోర్టు కొట్టేయనంత వరకు, స్టే ఇవ్వనంత వరకు అది అమల్లో ఉన్నట్టే. ధైర్యంగా వేయండి.

కడప_నాన్న · 13 ఫిబ్రవరి 2025

నాది వేరే రకం బాధ. కోర్టు నెలకు రెండు ఆదివారాలు కొడుకును చూపించమని ఆర్డర్ ఇచ్చినాది. ఒక్కసారీ సక్రమంగా చూపించలేదు. పోతే తలుపు తీయరు, లేదంటే పరీక్షలంటారు, జొరమంటారు. వాడు నన్ను మర్చిపోతాడేమోనని భయమైతాంది. పిల్లోణ్ణి చూపించేదాకా డబ్బులు ఆపేద్దామనుకుంటాండా. వాళ్లు ఆర్డర్ మీరితే నేనెందుకు పాటించాల?

ఓరుగల్లు_ఆడబిడ్డ · 13 ఫిబ్రవరి 2025

అన్నా, నీ బాధ సమజైతాంది. కని పైసలు ఆపకు. ఆ పైసలు పిలగాని పాలకు, ఫీజుకు పోతయి. ఆమె మీద కోపం వాని మీద తీసినట్టయితది.

నల్లకోటు · 13 ఫిబ్రవరి 2025

కడప_నాన్న గారూ, అవి రెండు వేర్వేరు ఆర్డర్లు. ఒకటి మీరడం రెండో దాన్ని మీరడానికి కారణం కాదు. మీరు డబ్బు ఆపిన మరుక్షణం కోర్టులో మీ మాటకు బలం పోతుంది. నెలనెలా వేస్తూ, ఆ రశీదులతోనే మీ అమలు అర్జీ వేయండి.

మీ ఆర్డర్‌లో ఏముందో ఒకసారి మాట మాటా చదవండి. "నెలకు రెండు ఆదివారాలు" అని మాత్రమే ఉందా? ఏ ఆదివారాలు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎక్కడ, ఎవరు తెచ్చి అప్పగించాలి, పండగొస్తే ఏం చేయాలి అన్నవి లేకపోతే అమలు చేయించడం కష్టం. "ఆ ఆదివారం కాదు, పై ఆదివారం అనుకున్నాం" అంటే జడ్జి గారు మాత్రం ఏం చేస్తారు? అలా ఉంటే ముందు స్పష్టత కోరుతూ అదే కేసులో ఒక ఐ.ఏ., అంటే మధ్యంతర అర్జీ, వేయండి. మొదటి, మూడో ఆదివారం, ఉదయం 10 నుంచి సాయంత్రం 5, ఫలానా చోట అప్పగింత అని రాయించుకోండి. తలుపు దగ్గర గొడవలు అయ్యేచోట ఇల్లు వద్దు. కోర్టు ఆవరణలో గానీ, న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో గానీ అప్పగించేలా అడగండి. చాలా కోర్టులు ఒప్పుకుంటాయి.

స్పష్టంగా ఉన్న ఆర్డర్‌ను కావాలని మీరితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 కింద అమలు పిటిషన్ ఉంది. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 18 ఆ దారి ఇస్తోంది. హైకోర్టులో కోర్టు ధిక్కరణ కూడా వేయొచ్చు, దానికీ ఏడాదే గడువు. కానీ తల్లిని జైలుకు పంపిన తండ్రి దగ్గరికి ఆ పిల్లాడు ఏ మనసుతో వస్తాడో ఆలోచించండి. తప్పిపోయిన ఆదివారాలకు బదులు వేసవి సెలవుల్లో అదనపు రోజులు అడగడం మేలని నా అభిప్రాయం. వెళ్లిన ప్రతిసారీ తేదీ, సమయం, ఏమన్నారో ఒక పుస్తకంలో రాసుకోండి, మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. కోపంతో ఒక్క మాట కూడా రాయొద్దు, అవే కాగితాలు కోర్టులో ఎగ్జిబిట్లు, అంటే సాక్ష్యాలు, అవుతాయి.

కడప_నాన్న · 14 ఫిబ్రవరి 2025

చదివినాను సార్. "ఇరుపక్షాల అనుకూలతను బట్టి నెలకు రెండు ఆదివారాలు" అనే ఉంది. ఈ నెల డబ్బులు వేసేసినాను. ఐ.ఏ. గురించి మా వకీలుతో మాట్లాడతాను.

గోరింటాకు · 2 మార్చి 2025

మొన్న 27న వేశామండి. న్యాయసేవాధికార సంస్థ వాళ్లు ఒక మేడమ్ గారిని ఇచ్చారు, చాలా ఓపికగా విన్నారు. సూపరింటెండెంటు గారు చెప్పిన పట్టిక చూసి "ఇది ఎవరు చేయించారమ్మా" అని అడిగారు. అర్జీకి నంబరు కూడా పడింది. ఈ-కోర్ట్స్ యాప్‌లో సి.ఎన్.ఆర్. నంబరు (కేసు గుర్తింపు నంబరు) కొడితే వాయిదా తేదీ కనిపిస్తోంది. నోటీసు ఆయన ఇంటికీ, కంపెనీ అడ్రసుకీ పంపమని అడిగాం.

పాత_సూపరింటెండెంట్ · 2 మార్చి 2025

శుభం చెల్లెమ్మా. ఇంటి నోటీసు తప్పించుకున్నా కంపెనీకి వెళ్లింది చేరుతుంది. యాప్‌లో వాయిదా చూసుకున్నా సరే, వాయిదా రోజు కోర్టు హాల్లో మీ పేరు పిలిచేటప్పుడు మీరుండాలి. మీరు లేరని అర్జీ డిస్మిస్ అయితే, మళ్లీ వేసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

తామరాకు · 5 ఏప్రిల్ 2025

నా భర్త అమెరికాలో ఉన్నాడు. ఇక్కడి కోర్టు ఆర్డర్ ఇచ్చి చాలా కాలమైంది. అక్కడున్న మనిషిని ఇక్కడి వారంటు ఏం చేస్తుంది?

నల్లకోటు · 6 ఏప్రిల్ 2025

అక్కడి జీతం మీద ఇక్కడి వారంటు నేరుగా పనిచేయదు, అది నిజం. అందుకే ఇక్కడ ఆయనకేముందో చూడండి. పేరు మీద స్థలం, ఫ్లాటు, పొలం, బ్యాంకులో ఎన్నారై ఖాతా. రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయండి, పొలమైతే ఆంధ్రాలో 1-బి, అడంగల్ అనే భూమి రికార్డులు తీయండి. స్థిరాస్తిని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 54 కింద అటాచ్ (జప్తు) చేయించొచ్చు. అటాచ్ అయ్యాక అమ్మినా ఆ అమ్మకం మీ బకాయి ముందు చెల్లదు. ఆస్తి తండ్రి పేరు మీదే ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లలేం.

రెండోది పాస్‌పోర్టు. కోర్టు వారంటు జారీ అయిందని పాస్‌పోర్టు అధికారికి తెలిపితే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 10(3)(హెచ్) కింద దాన్ని స్వాధీనం చేసుకునే అధికారం వారికి ఉంది. పాస్‌పోర్టు రెన్యూవల్ దగ్గర పడినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, ఆర్డర్ కాపీతో అక్కడికీ రాయండి.

గోరింటాకు · 20 ఏప్రిల్ 2025

ఆయన వచ్చారు, లాయరును పెట్టుకున్నారు. కౌంటరులో మూడు మాటలు రాశారు. ఉద్యోగం పోయిందట. భరణం తగ్గించమని వేరే పిటిషన్ వేశారట, అది తేలేదాకా ఇవ్వక్కర్లేదట. ఇక మూడోది, కాపురానికి వస్తే పోషిస్తానట. కొట్టి బయటికి పంపిన మనిషి ఇప్పుడు కోర్టులో రమ్మంటున్నారు. చదివి రాత్రంతా నిద్రపట్టలేదు.

నల్లకోటు · 20 ఏప్రిల్ 2025

నిద్ర పాడు చేసుకోకండి. ఈ మూడూ ప్రతి కౌంటరులో ఉండేవే.

ఉద్యోగం పోయిందంటే రాజీనామా పత్రం, చివరి జీతం స్లిప్పు, పి.ఎఫ్. వివరాలు పెట్టమనండి. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో ఆస్తులు, అప్పులు, ఆదాయం అన్నీ ప్రమాణపూర్వకంగా చెప్పాలన్నారు. ఆ అఫిడవిట్ అడగండి. ఒంట్లో శక్తి ఉన్న భర్త కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో అంజూ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

తగ్గించమని పిటిషన్ వేయడం ఆయన హక్కు. కానీ వేసినంత మాత్రాన పాత ఆర్డర్ ఆగదు. కోర్టు మార్చేదాకా 13,000 అంటే 13,000.

మూడోది వినగానే మీకు భయమేసింది కదా, దానికి జవాబు ఆ సెక్షన్‌లోనే ఉంది. రమ్మని పిలిచినా, వెళ్లకపోవడానికి తగిన కారణం ఉంటే కోర్టు అమలు ఉత్తర్వు ఇవ్వవచ్చు. మిమ్మల్ని కొట్టినట్టు మొదటి తీర్పులోనే జడ్జి గారు నమ్మి రాసి ఉంటే ఆ పేరా నంబరు మేడమ్ గారికి చూపించండి. ఈ ఏడాది జనవరి 10న రీనా కుమారి కేసులో, కాపురానికి వెళ్లమని భర్తకు డిక్రీ ఉన్నా, న్యాయమైన కారణంతో వెళ్లని భార్యకు భరణం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో ఆ డిక్రీ కూడా లేదు.

గోరింటాకు · 29 జూన్ 2025

మే సెలవుల వల్ల ఆలస్యమైంది. మేడమ్ గారు ఆ పేరా చదివి వినిపించారు. కాపురం మాట జడ్జి గారు పట్టించుకోలేదు. డిస్ట్రెస్ వారంటు ఇచ్చారు. కానీ పోలీసులు "జప్తు చేయడానికి వస్తువులేమీ లేవు, అద్దె ఇల్లు" అని రాసి తిప్పి పంపారు. ఉద్యోగం మాత్రం పోలేదండి, అదే కంపెనీలో ఉన్నారని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

నల్లకోటు · 29 జూన్ 2025

ఆ రిటర్నే ఇప్పుడు మీకు కావాల్సింది. వసూలు ప్రయత్నం జరిగింది, ఫలించలేదు. ఇక మిగిలిన బకాయికి జైలు వారంటు అడగడానికి దారి తెరుచుకుంది.

దాంతో పాటు జీతం. రజనీష్ తీర్పులోనే భరణం ఆర్డర్‌ను సివిల్ కోర్టు డబ్బు డిక్రీలా కూడా అమలు చేయించుకోవచ్చని ఉంది. దాని కింద సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 48-ఎ, ప్రైవేటు ఉద్యోగి జీతం అటాచ్‌మెంట్. కోర్టు కంపెనీకే ఉత్తర్వు పంపుతుంది, వాళ్లు కోసి కోర్టుకు కట్టాలి. మామూలు అప్పుకైతే జీతంలో పెద్ద భాగం ముట్టుకోవడానికి లేదు. భరణానికి మాత్రం అదే కోడ్ సెక్షన్ 60 ప్రకారం మూడో వంతే మినహాయింపు, మిగతా రెండు వంతుల దాకా అటాచ్ చేయొచ్చు. ఆయన ఆస్తుల వివరాలు దాస్తున్నారనుకుంటే రూల్ 41 కింద అఫిడవిట్ అడగండి. ఆ ఆదేశం మీరితే మూడు నెలల దాకా సివిల్ జైలు.

ఇక్కడ గృహహింస కేసు ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లకొక మాట. ఆ చట్టం సెక్షన్ 20(6) కింద మేజిస్ట్రేటే యజమానికి నేరుగా చెప్పవచ్చు, జీతంలో కొంత ఆమెకు ఇవ్వమనో, కోర్టులో కట్టమనో. వేరే అమలు పిటిషన్ (ఇ.పి.) అక్కర్లేదు.

తామరాకు · 30 జూన్ 2025

ఏడాది దాటిపోయిన బకాయి ఇక పోయినట్టేనా సార్? నాది చాలా నెలలు దాటిపోయింది.

నల్లకోటు · 30 జూన్ 2025

పోలేదు. 2013లో పూంగోడి వర్సెస్ తంగవేల్ కేసులో సుప్రీంకోర్టు, ఆ ఏడాది గడువు వారంటు పద్ధతికే గానీ హక్కుకు కాదంది. దాటిన మొత్తానికి సివిల్ దారి మిగిలే ఉంది. వారంటు ఇచ్చే ఒత్తిడి అక్కడ ఉండదు, కాలం కూడా ఎక్కువ పడుతుంది. కానీ మీ భర్తకు ఇక్కడ ఆస్తి ఉందంటే మీకు ఎలాగూ సివిల్ పద్ధతే పనికొస్తుంది.

గోరింటాకు · 27 జూలై 2025

కంపెనీకి ఉత్తర్వు వెళ్తుందని తెలిసిన వారంలోనే కోర్టులో 1,00,000 కట్టారు. ఇప్పుడు వాళ్ల లాయరు గారు, లోక్ అదాలత్‌లో కూర్చుందాం, ఇంకో 1,50,000 ఒకేసారి ఇస్తాం, మీకూ పాపకూ ఇకముందు ఏ హక్కూ లేదని రాసివ్వండి అంటున్నారు. మా అన్నయ్య తీసేసుకోమంటున్నాడు. నాకేమో మనసొప్పడం లేదు.

రాజీ_మేలు · 27 జూలై 2025

రాజీ మంచిదని నేనే అన్నాను. కానీ ఈ లెక్క నాకూ నచ్చలేదమ్మా. బాకీయే ఎంతుంది ఇప్పుడు?

గోరింటాకు · 27 జూలై 2025

జూలై దాకా కలిపితే 4,29,000. ఇచ్చింది పోతే 3,29,000 అండి.

నల్లకోటు · 27 జూలై 2025

బాకీలో సగం కూడా ఇవ్వకుండా భవిష్యత్తంతా రాయించుకుంటున్నారు. పాపకు ఎనిమిదేళ్లు అనుకుంటే మేజరయ్యేదాకా పదేళ్లు. నెలకు 5,000 చొప్పున పాప వాటాయే 6,00,000 అవుతుంది, స్కూలు ఫీజులు పెరిగే సంగతి పక్కన పెట్టినా. ఆ హక్కు పాపది. మీరు సంతకం పెట్టి వదులుకునేది కాదు.

లోక్ అదాలత్ చెడ్డదని అనను, చాలా కుటుంబాలకు మేలు జరిగింది. కానీ అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇంటికి తెచ్చుకుని ఆలోచించి సంతకం చేసే అవకాశం అడగండి. మాట్లాడుకోవాలనుకుంటే పాప నెలవారీ మొత్తం కదపకుండా, మీ బకాయిని వాయిదాల్లో తీసుకోవడం గురించే మాట్లాడండి. ఒక్క వాయిదా తప్పినా మిగిలిన మొత్తమంతా ఒకేసారి వసూలు చేసుకునేలా షరతు రాయించండి. డబ్బు చేతికి కాదు, డీడీగా గానీ ఖాతాలో గానీ. కట్టిన లక్షకు రశీదు ఇచ్చేటప్పుడు "పాక్షిక చెల్లింపు, హక్కులకు భంగం లేకుండా" అని రాయండి.

గోరింటాకు · 17 ఆగస్టు 2025

పాప భరణం జోలికి రావద్దని వాళ్లకు చెప్పేశాం. మేడమ్ గారు జీతం అటాచ్‌మెంట్ పిటిషన్‌కి కూడా నంబరు వేయించారు. కంపెనీకి ఉత్తర్వు వెళ్లింది. ఆగస్టు నెల 13,000 పదో తేదీకి ముందే ఖాతాలో పడ్డాయి, ఆయనే వేశారు. బకాయి మీద వాయిదా వచ్చే నెల. పాప ఫీజు కట్టేశాను. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదండి.

కడప_నాన్న · 17 ఆగస్టు 2025

మంచిమాట విన్నాను తల్లీ. మాకు కూడా ఐ.ఏ. ఆర్డర్ అయినాది. మొదటి, మూడో ఆదివారం, న్యాయసేవా ఆఫీసులో అప్పగింత. రెండుసార్లు వచ్చినాడు. మొదటిసారి మాట్లాడలేదు, రెండోసారి క్రికెట్ బ్యాట్ అడిగినాడు.

చిన్నారి_తల్లి · 23 ఆగస్టు 2025

ఇదంతా ఇవాళే చదివాను. నాకూ భరణం ఆర్డర్ ఉంది, ఎప్పుడూ సరిగ్గా రాలేదు. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోరింటాకు · 23 ఆగస్టు 2025

మీ ఆర్డర్ తేదీ ఎంత చెల్లీ? ఆఖరిసారి డబ్బు ఏ నెలలో పడింది? ఆ రెండూ ఇక్కడ రాయండి. రేపు ఆదివారం కదా, కూర్చుని బ్యాంకు పాసుపుస్తకం చూసి నెలవారీ పట్టిక రాయడం మొదలుపెట్టండి. సోమవారం ఉదయమే ఆర్డర్ కాపీ, ఆధార్ పట్టుకుని మీ జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మీది ఏ జిల్లా?